బడిలో పలికి ఇంట్లో పలకనిది

అక్క ఇచ్చిన గడువు ఆదివారం. ఆ రోజు పొద్దున్నే కారు తీసుకుని వచ్చి నాన్నని తన ఇంటికి తీసుకెళ్తానని, ఆయన బట్టలూ మందులూ సర్ది ఉంచమని ఫోనులో చెప్పింది. తను చెప్పిందంటే ఇక అంతే. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో తనకి కలెక్టరని పేరు. నేనూ తమ్ముడూ కలిసి పెట్టాం. ఎదుట ఎప్పుడూ అనలేదు.

అక్క కోపంలో అన్యాయమేమీ లేదు. అంతకు ముందు వారం చినుకులు మొదలైతే మేడ మీద బట్టలు తీయడానికి వెళ్ళాను. దిగి వచ్చేసరికి నాన్న మంచం పక్కన నేల మీద ఉన్నాడు. నుదురు బల్ల అంచుకి తగిలి చీలింది. నాలుగు కుట్లు పడ్డాయి. పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. కుడి చెయ్యీ కుడి కాలూ ఆయన మాట వినవు. మాట కూడా పోయింది. గొంతులో ఒక చిన్న చప్పుడు మాత్రం మిగిలింది, అది వంటింటి దాకా కూడా రాదు. ఆ రోజు ఎంతసేపు పిలిచాడో, అసలు పిలిచాడో లేదో నాకు తెలియదు.

అక్క ఇల్లు వేరే ఊళ్ళో. అక్కడ ఇంట్లో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు మనుషులుంటారు. ఇక్కడ పగలు నేను పాఠాలు చెప్పడానికి బడికి వెళ్తాను, నాన్నని చూసుకునే ఆయమ్మ ఒక్కతే ఉంటుంది. సాయంత్రం ఆమె వెళ్ళిపోతుంది, నేనొక్కదాన్నే ఉంటాను. లెక్క తనవైపే ఉంది. కానీ అక్కడికి తీసుకెళ్తానని అక్క ఫోను స్పీకర్లో అన్నప్పుడు నాన్న ఎడమ చెయ్యి వెళ్ళి మంచం పట్టెను పట్టుకుంది. అక్క ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు వదల్లేదు.

మొదట్లో ఆయనకి ఒక చేతిగంట ఇచ్చాం. రెండో రోజే దాన్ని మంచం కిందికి తోసేశాడు. నలభై ఏళ్ళు దర్జీ పని చేసిన మనిషి. కొలతలు తీసుకునేటప్పుడు కూడా, చెయ్యి కొంచెం ఎత్తండి అని మెల్లగా అడిగేవాడే తప్ప గొంతు పెంచి ఎరగడు. గంట కొట్టి మనుషుల్ని రప్పించుకోవడం ఆయన వల్ల కాలేదు. ఫోను చేతికిస్తే తెర మీద అంకెలూ పేర్లూ ఆయన గుర్తుపట్టలేకపోయాడు. అప్పుడు తమ్ముడు అన్నాడు, నాన్నకి వీధంతా వినపడే గంట అక్కర్లేదు, రావాల్సిన వాళ్ళకి మాత్రం వినపడితే చాలని. వాడు లిఫ్టు మెకానిక్కు. పని నుంచి వచ్చాక మేడ గదిలో కూర్చుని చిన్న చిన్న సర్క్యూట్లు కట్టుకోవడం వాడి సరదా. మంచం పక్కన ఒక బటను ఉంటుంది, అది నొక్కితే బ్లూటూత్ మీదుగా మన జేబులో ఫోను మోగుతుంది, వైర్లు లాగక్కర్లేదు అని నాకు రెండు మూడు సార్లు వివరించాడు. నేను పేపర్లు దిద్దుకుంటూ ఊఁ కొట్టాను.

వాడి అసలు పేరు కాగితాల్లోనే ఉండేది. ముప్పై నాలుగేళ్ళు వచ్చినా ఇంట్లో బుడ్డోడే. ఏడు నెలల క్రితం ఒక బుధవారం మధ్యాహ్నం, పనిలో ఉండగా, వాడి గుండె ఆగిపోయింది. దాని గురించి ఇంతకన్నా రాయను.

సోమవారం సాయంత్రం ఆ బటను కోసం మేడ గది తలుపు తీశాను. బల్ల మీద ఏమీ లేదు. అప్పట్లో అక్కే ఆ బల్లంతా ఖాళీ చేసింది. వైర్లన్నీ పీకి, రంగుల వారీగా విడదీసి, రబ్బరు బ్యాండ్లు వేసి అట్టపెట్టెలో పెట్టింది. ఏ పనైనా శుభ్రంగా చేస్తుంది. అందులో ప్రోగ్రాం ఎక్కించే, అగ్గిపెట్టె అంత మైక్రోకంట్రోలర్ బోర్డు ఉంది. వేలెడంత బ్లూటూత్ మాడ్యూలు ఉంది. వైర్లు గుచ్చుకునే చిల్లుల పలక, ఒక నోటుబుక్కు ఉన్నాయి. మిగతా చిల్లర సామానంతా నాన్న గుండీల డబ్బాల్లో ఉంది. నొక్కే స్విచ్చి మీద కోటుకి కుట్టే పెద్ద గుండీ ఒకటి తమ్ముడు అతికించాడు. నాన్న ఎడమ చేత్తో తడుముకున్నా తెలియాలని కాబోలు.

నోటుబుక్కులో బొమ్మ ఉంది. ఎడమ వైపు బోర్డు, కుడి వైపు మాడ్యూలు, మధ్యలో నాలుగు గీతలు. నేను భాష చెప్పే టీచర్ని. పిల్లలు వెనకాల నన్ను కామా టీచర్ అంటారని తెలుసు. వాడి రాతలో పేజీకి పది తప్పులున్నాయి. ఒక్కటీ దిద్దలేదు. కానీ బొమ్మ చూసినప్పుడు చెయ్యి ఊరుకోలేదు. కరెంటుకి సంబంధించిన రెండు గీతలు తిన్నగా ఉన్నాయి. మిగతా రెండు ఒకదాని మీదుగా ఒకటి దాటి వెళ్ళాయి. బోర్డు మీద టీఎక్స్ అని ఉన్న చోటు నుంచి గీత మాడ్యూలులో ఆర్‌ఎక్స్ అన్న చోటుకి పోయింది. అటుది ఇటు, ఇటుది అటు. చిన్నప్పుడు జతపరచండి అనే ప్రశ్నకి వాడు ఇలాగే గీతలు అడ్డదిడ్డంగా గీసి మార్కులు పోగొట్టుకునేవాడు. నేనే రబ్బరుతో తుడిచి మళ్ళీ గీయించేదాన్ని. ఒక గీత మధ్యలో రెండు చోట్ల మెలికలు కూడా తిరిగింది. కలం ఆగి ఆగి రాసిందేమో అనుకున్నాను.

పుస్తకంలో ఏమీ మార్చలేదు. పలక మీద మాత్రం నాకు సరి అనిపించినట్టు కలిపాను. టీఎక్స్‌కి టీఎక్స్, ఆర్‌ఎక్స్‌కి ఆర్‌ఎక్స్.

ప్లగ్గు పెడితే మాడ్యూలు మీద చిన్న ఎర్ర దీపం మిణుకుమంది. నా ఫోనులో బ్లూటూత్ తెరిచి వెతికాను. పక్కింటి వాళ్ళ టీవీ కనపడింది, ఇది కనపడలేదు. ఆపి పెట్టాను. మళ్ళీ వెతికాను. కిందికి వెళ్ళి నాన్నకి మందులిచ్చి, పైకి వచ్చి వెతికాను. మంగళవారం కూడా ఇంతే. పదిహేడు మెట్లు. ఎన్నిసార్లు ఎక్కి దిగానో గాని, మోకాళ్ళు మాత్రం లెక్క పెట్టుకున్నాయి. పేపర్లు నిలబడే దిద్దాను. ఒకే పిల్లవాడి పేపరు రెండుసార్లు దిద్దితే రెండు రకాల మార్కులు వచ్చాయి.

బుధవారం ఆ సరంజామా అంతా పాత టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బడికి తీసుకెళ్ళాను. సైన్సు మాస్టారు ఖాళీ పీరియడ్లో లాబ్ బల్ల మీద దాన్ని తెరిచి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చూశారు. ఆయనకి ప్రతిదీ నవ్వులాటే.

“టీచర్, మీరు వీళ్ళిద్దరి నోళ్ళూ ఒకదానికొకటి కట్టేశారు. ఇక మాట్లాడేదెవరు, వినేదెవరు? టీఎక్స్ అంటే నోరు, ఆర్‌ఎక్స్ అంటే చెవి. ఒకరి నోరు ఇంకొకరి చెవికి పోవాలి.”

“నోటుబుక్కులో అలాగే ఉంది మాస్టారూ.”

“మరి?”

“నేను దిద్దాను.”

ఆయన నవ్వలేదు. కళ్ళజోడు కిందికి దించుకుని నోటుబుక్కు దగ్గరికి లాక్కున్నారు. మెలికలు తిరిగిన చోట్లు రెండూ రెసిస్టర్లని చెప్పారు. బోర్డు ఐదు వోల్టులతో అరుస్తుంది, మాడ్యూలు చెవి మూడుకి కాస్త పైదాకా మాత్రమే తట్టుకుంటుంది, ఆ గొంతు తగ్గించడానికే అవి రెండూ అన్నారు. మీ తమ్ముడు జాగ్రత్తగా గీశాడు అని కూడా అన్నారు. నేను గుండీల డబ్బాలోంచి రెసిస్టర్లు వెతికి ఇచ్చాను. వైర్లు మార్చింది ఆయనే. ప్రోగ్రాం మళ్ళీ రాయాలేమోనని భయపడ్డాను. అక్కర్లేదట. వాడు ఎక్కించింది బోర్డులోనే ఉంటుంది, కరెంటు తీసేసినా పోదు.

ప్లగ్గు పెట్టగానే దీపం గబగబా మిణుకుమంది. నా ఫోనులో మాడ్యూలు పేరు కనపడింది. నాలుగంకెల కోడ్ అడిగితే ఒకటి రెండు మూడు నాలుగు కొట్టమన్నారు, అందరూ పెట్టేది అదేనట. అది పంపేది చూపించే యాప్ కూడా నా ఫోనులో ఆయనే ఎక్కించారు. గుండీ నొక్కాను. ఫోను తెర మీద ఎన్ అనే ఇంగ్లీషు అక్షరం ఒక్కటి పడింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ పడింది. తెర నిండా పడేదాకా నొక్కుతూ ఉంటే మాస్టారు కిటికీ వైపు తిరిగి సుద్దముక్కలు సర్దుకున్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో అది పలకలేదు.

అవే వైర్లు, అదే ఫోను. మేడ గదిలో ప్లగ్గు పెట్టాను. దీపం వెలిగింది. నా ఫోనుకి మాత్రం దొరకలేదు. డబ్బాలో కదిలి ఏదైనా ఊడిందేమోనని ఒక్కో వైరూ తీసి గుచ్చాను. గుండీ నొక్కాను, ఎందుకైనా మంచిదని పదిసార్లు నొక్కాను. కిందికి వెళ్తే నాన్న కళ్ళు పెద్దవి చేసుకుని పడుకుని ఉన్నాడు. నన్ను చూడగానే ఎడమ చెయ్యి ఎత్తి గది మూలనున్న కుట్టుమిషను వైపు చూపించాడు. దాన్ని తాకి ఏడాది దాటింది. దుమ్ము పట్టిందని బాధపడుతున్నాడనుకుని గుడ్డ తెచ్చి తుడిచాను. తల అడ్డంగా ఊపాడు. మంచం దగ్గరికి జరిపాను. మళ్ళీ అడ్డంగా ఊపి పైకప్పు వైపు చూపించాడు. అడిగి తెలుసుకునే ఓపిక ఆ పూట నాకు లేదు. పైకి వెళ్ళిపోయాను.

గురువారం పొద్దున గంట కొట్టకముందే లాబ్‌లో పెట్టి చూశాను. పలికింది. మధ్యాహ్నం భోజనం వేళలో డబ్బా పట్టుకుని ఇంటికి పరుగెత్తాను. పలకలేదు. తిరిగి బడికి వచ్చి క్లాసులో బోర్డు మీద తేదీ వేస్తే, ముందు బెంచీ పిల్ల లేచి, అది రేపటి తేదీ టీచర్ అంది. నాకు అప్పుడే శుక్రవారం అయినట్టుంది. ఇంటి కరెంటులో తేడా ఉందేమోనని మాస్టారు పవర్ బ్యాంకు ఇచ్చారు. దాంతోనూ బడిలో పలికింది, ఇంట్లో పలకలేదు. శుక్రవారం మధ్యాహ్నం కూడా వెళ్ళి చూశాను. ఆయమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, పెద్దాయనకి రెండు రోజులుగా పగలు కునుకు పట్టడం లేదని, ఊరికే దిండు సర్దమంటున్నారని చెప్పింది. నేనూ నిద్రపోవడం లేదు ఆయమ్మా అని మెట్లెక్కాను.

ఆ రాత్రి అక్క ఫోను చేసి సామాను సర్దావా అని అడిగింది. సర్దుతున్నానన్నాను. అబద్ధం.

శనివారం ఒంటిపూట బడి. స్టాఫ్ రూమ్‌లో మాస్టారి ఎదురుగా కూర్చుని జరిగిందంతా మొదటి నుంచీ చెప్పాను. ఆయన ఒకే ఒక ప్రశ్న అడిగారు, ఇంట్లో దీపం ఎలా వెలుగుతోందని. వెలుగుతోంది అన్నాను. అలా కాదు, ఎలా అని అడిగారు. నేను కళ్ళు మూసుకుని చెప్పాను. బడిలో అయితే, ఏమీ తోచనివాడు బల్ల మీద వేళ్ళతో కొట్టినట్టు, గబగబా కొట్టుకుంటుంది. ఇంట్లో రెండుసార్లు మిణుకుమని ఆగుతుంది. కాసేపాగి మళ్ళీ రెండుసార్లు.

“ఈ మాట గురువారమే చెప్పుండాల్సింది టీచర్,” అన్నారాయన. “గబగబా కొట్టుకుంటుంటే ఎవరి కోసమో చూస్తోందని అర్థం. ఆగి ఆగి వెలిగితే అప్పటికే కలిసిపోయిందని. ఒకసారికి ఒక్క ఫోనుతోనే కలుస్తుంది. మీ ఇంట్లో మీకన్నా ముందు దాన్ని ఇంకెవరిదో ఫోను పట్టుకుంటోంది.”

ఇంట్లో ఇంకో ఫోను ఆయమ్మది. అది నంబర్లు నొక్కే పాత ఫోను, అందులో ఇవేవీ లేవు. అదే చెప్పాను. చెబుతూ ఉండగానే నా నోరు నెమ్మదించింది. తమ్ముడు ఆ బటను కోసం తన ఫోనులో సొంతంగా ఒక యాప్ తయారు చేసుకున్నాడని నాకు తెలుసు. మాడ్యూలు దొరికేదాకా అదే వెతుకుతూ ఉంటుందని, మనం తెరవక్కర్లేదని ఎంతో గొప్పగా చెప్పాడు. నేను ఊఁ కొట్టాను.

కానీ వాడి ఫోను బీరువాలో ఉంది. వాడి వస్తువులు ఇచ్చిన రోజున నేనే కవరులో పెట్టి పైఅరలో దాచాను. ఏడు నెలలు చార్జింగు లేకుండా ఏ ఫోనూ బతికి ఉండదు.

ఇంటికి వెళ్ళి బీరువా తెరిచాను. కవరులో చేతి గడియారం, గుర్తింపు కార్డు, తాళాల గుత్తి ఉన్నాయి. ఫోను లేదు. చార్జరు లేదు.

ఆయమ్మ వంటింట్లో పళ్ళెం తుడుస్తోంది. అడిగాను. ఆమె తుడిచిన పళ్ళాన్నే మళ్ళీ తుడిచింది.

“నేనే తీసిచ్చానమ్మా. నాలుగైదు నెలలైంది. పెద్దాయన బీరువా వైపు చూపించి రోజంతా మంకుపట్టు పట్టారు. రోజూ మీరు బడికెళ్ళాక చార్జింగు పెట్టిస్తున్నా.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పొద్దన్నారు.”

“ఎలా అన్నారు ఆయమ్మా? మాట లేదు కదా.”

ఆమె పళ్ళెం కింద పెట్టి, ఎడమ చేతి వేలు పెదాల మీద పెట్టుకుని చూపించింది. అచ్చం నాన్నలాగే కనుబొమలు కూడా ఎత్తింది. ఇంకెప్పుడైనా అయితే నవ్వేదాన్ని.

నాన్న మా మాటలు విన్నాడు. నేను గదిలోకి వచ్చేసరికి తల పక్కకి జరిపి దిండు ఖాళీ చేశాడు. తిప్పి చూశాను. గలీబు అడుగున ఒక జేబు కుట్టి ఉంది. సూదిలో దారం ఎక్కించడం ఒక్కటే తను చేశానని, మిగతాదంతా ఆయనే కుట్టుకున్నారని ఆయమ్మ వెనక నుంచి చెప్పింది. ఒక కుట్టు పొడుగు, ఒక కుట్టు పొట్టి. ఒక మూల దారం ముడిపడి ఉండగట్టింది. నాన్న కుట్టు ఏదని ఎవరడిగినా నేను గజం దూరం నుంచి చెప్పగలను. ఇది మాత్రం చెప్పలేకపోయేదాన్ని.

ఫోను వెచ్చగా ఉంది. తెర మీద టైము, దాని కింద రేపటి అలారం ఆరూ పది. వాడి అలారం. రోజూ అది మోగడం, వాడు లేవకపోవడం, నాన్న ఈ గదిలోంచి ‘ఒరే’ అని పిలవడం ఒకప్పుడు ఇంట్లో పొద్దున పూట జరిగే మొదటి పని. ఆయన ఇంట్లో గొంతెత్తేది అప్పుడొక్కసారే. పక్షవాతం వచ్చాక పిలవలేక మంచం పట్టె మీద తట్టేవాడు. ఇప్పుడు అలారం చప్పుడు ఒక్కటే తగ్గించి ఉంది, అది ఆయన తల కింద అదురుతుంది, ఆయన బొటనవేలితో ఆపుతాడు. నేను అదే గదిలో రెండో మంచం మీద పడుకుంటాను. ఇన్ని నెలల్లో ఒక్కరోజు కూడా తెలుసుకోలేదు.

తెర తాళం గీత గీసి తెరవాల్సింది. ఆ గీత వాడికే తెలుసు. కనుక లోపలికి వెళ్ళి వాడి ఫోనునీ మాడ్యూలునీ విడదీసే దారి లేదు. అయినా ఒకటి చూడాలనిపించింది. మేడ గదిలో ప్లగ్గు పెట్టి, దీపం ఆగి ఆగి మిణుకుమన్నాక గుండీ నొక్కమని ఆయమ్మని పంపి, నేను ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

మిషను కుట్టడం మొదలైంది. మూలనున్నది కాదు, నా చేతిలోది. నాన్న పాదం ఆడినప్పుడు వచ్చే చప్పుడు. ముందు నెమ్మదిగా, తర్వాత తిన్నని గుడ్డ మీద వేగంగా, చివర ఆగే ముందు చక్రాన్ని చేత్తో పట్టుకున్నప్పటి చిన్న కిర్రు. నాన్న పని మానకముందెప్పుడో వాడు రికార్డు చేసి దాచుకుని ఉంటాడు. అప్పుడు అర్థమైంది. బుధవారం నుంచీ నేను మేడ మీద నొక్కిన ప్రతి నొక్కుకీ ఇది ఆయన చెవి కింద కుట్టింది. నేను పైన వెతుకుతుంటే, ఆయన కింద చెప్పడానికి చూశాడు. పెద్దాయన ఫోనులో ఏదో పెట్టుకుని వింటున్నారనుకున్నానని ఆయమ్మ తర్వాత చెప్పింది.

నాన్న నా వైపు చూశాడు. మూడు రోజులుగా మొత్తుకుంటున్నా కదా అన్నట్టు ఉంది ఆ చూపు.

నేను మంచం మీద కూర్చుని, క్లాసులో చెప్పినట్టు కాకుండా, మెల్లగా చెప్పాను.

“నాన్నా, రేపు అక్క వస్తుంది. నువ్వు పిలిస్తే మాకు వినపడుతుందని చూపించాలి. ఈ ఫోను బతికున్నంతసేపూ నీ బటను దీన్నే పిలుస్తుంది, నా దాన్ని పిలవదు. దీన్ని ఆపేసి పక్కన పెడితే నా దానికి కలుస్తుంది. లేదంటే ఇదే పగలంతా నా దగ్గరో ఆయమ్మ దగ్గరో ఉండాలి. రాత్రికి నీకిచ్చేస్తాను. ఏది చెయ్యమంటావో నువ్వే చెప్పు.”

ఆయన ఫోను నా చేతిలోంచి తీసుకుని గోడ వైపు తిరిగాడు. నేను మళ్ళీ అడగలేదు. లాక్కోవచ్చు. ఎడమ చేతిలో ఎంత బలం ఉంటుంది? ఆ సాయంత్రమంతా ఇల్లు ఊడ్చాను. ఊడ్చిన గదే మళ్ళీ ఊడ్చాను. పలకను ఒక చిన్న చెక్కపెట్టెలో అమర్చి మంచం కాలికి కట్టాను, గుండీని ఆయన ఎడమ చెయ్యి అందే చోట పట్టెకి బిగించాను. నాన్న బట్టలు కూడా సర్దాను. రెండింటికీ సిద్ధంగా ఉండడం తప్ప ఇంకేం చేయగలను?

ఆదివారం ఆరింటికే మెలకువగా ఉన్నాను. ఆరూ పదికి దిండు అదిరింది. ఆగింది. నేను అటు తిరగలేదు. కాసేపటికి మంచం పట్టె మీద చిన్న చప్పుడైంది. చూస్తే నాన్న చెయ్యి రెండు మంచాల మధ్య సందులోకి చాచి ఉంది. చేతిలో ఫోను. తీసుకున్నాను. అది వెలుగుతూనే ఉంది, ఆపలేదు.

అక్క తొమ్మిదింటికి వచ్చింది. బావ కారు వీధిలోనే ఉంచి అందులోనే కూర్చున్నాడు, ఎక్కువసేపు పట్టదని అక్క చెప్పి ఉంటుంది. తను ముందు నాన్న నుదుటి మీద కట్టు చూసింది, తర్వాత మందుల చీటీ, తర్వాత చెక్కపెట్టె. ఏమిటది అంటే చెప్పాను. ఎవరి ఫోనో కూడా చెప్పాను. అక్క చీటీ మడతపెట్టి, సరే, నేను వంటింట్లోకి వెళ్ళి వింటాను, నాన్నని నొక్కమను అంది.

వెళ్ళింది. నాన్నా, నొక్కు అన్నాను. ఆయన గుండీ మీద చెయ్యి పెట్టి, తీసేసి, ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని గుండీ మీద పెట్టాను. మళ్ళీ తీసేశాడు. పరీక్షలో జవాబు తెలిసీ రాయని మొండి పిల్లలు ప్రతి క్లాసులోనూ ఒకరుంటారు. వాళ్ళని ఏమీ చేయలేమని నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు.

అక్క వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది. నన్ను పెరట్లోకి పిలిచింది.

“చూశావా,” అంది. “బటను పనిచేస్తుందని నేను ఒప్పుకుంటాను. వాడు చేసింది పనిచెయ్యకపోవడమేమిటి. కానీ నాన్న ఎవర్నైనా పిలిచే మనిషేనా? ఆ రోజు నిన్ను పిలవకుండానే లేచి ఉంటాడు. రేపూ లేస్తాడు.”

“అక్కడికి వస్తే మాత్రం లేవడా?”

“అక్కడైతే పడేలోపు పట్టుకునే వాళ్ళుంటారు.”

అదీ నిజమే. అయినా మాట్లాడాను. నీ ఇంటికి వచ్చిన రోజు నుంచీ ఆయన గోడ వైపే తిరిగి పడుకుంటాడన్నాను. అక్క ఏడ్చింది, ఏడుస్తూనే నన్ను తిట్టింది. నీకు మాత్రం ఆయన కావాలి, వాడి గదీ కావాలి, నాకేమీ వద్దా అంది. నేను ఆ మాట ఊహించలేదు. ఏడు నెలల్లో అక్కకి వాడి వస్తువు ఏదైనా కావాలేమోనని ఒక్కసారి కూడా అడగలేదు. పెరటి గోడ వైపు నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చాను.

అప్పుడు నా జేబులో మిషను కుట్టింది.

“ఎవరు మిషను తొక్కుతున్నారు?” అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ ఇంటి వైపు తిరిగి. నేను అప్పటికే వంటిల్లు దాటాను. వెనక అక్క చెప్పుల చప్పుడు.

నాన్న మంచం అంచున కూర్చుని ఉన్నాడు. కాళ్ళు రెండూ నేల మీదికి దించేశాడు. ఎడమ చెయ్యి పట్టెను గట్టిగా పట్టుకుని ఉంది. లేవలేదు. గుమ్మం వైపే చూస్తున్నాడు. మమ్మల్ని చూసి బాత్రూమ్ వైపు గడ్డం ఎత్తాడు, ఆలస్యమైందన్నట్టు.

అక్క ఒక వైపు, నేను ఒక వైపు పట్టుకున్నాం. చంక కింద కాదే, నడుం దగ్గర పట్టుకో, ఇన్నాళ్ళూ ఇలాగేనా నడిపిస్తున్నావు అని అక్క నన్ను దారి పొడుగునా తిట్టింది. నాన్న మా ఇద్దరి మధ్య కుడికాలు ఈడ్చుకుంటూ తనకి తోచినంత నెమ్మదిగా నడిచాడు. లోపల కూర్చోబెట్టాక ఇద్దరినీ బయటికి పొమ్మని చెయ్యి విసిరాడు.

తలుపు దగ్గరగా వేసి బయట నిలబడ్డాం.

“నేను పీకి పెట్టెలో పెట్టింది ఇదేనా?” అని అడిగింది అక్క.

“ఊఁ.”

“తెలియదు నాకు. చెత్తనుకున్నాను.”

“నాకు మాత్రం తెలుసా,” అన్నాను. నేను చేసిన దిద్దుబాటు సంగతి చెప్పాను. అక్క నా మొహం చూసి, వాడు బతికుంటే నిన్ను ఏడిపించి చంపేవాడు అంది.

వీధిలో బావ హారన్ కొట్టాడు. అక్క కిటికీ దగ్గరికి వెళ్ళి, కారు ఆపేసి లోపలికి రమ్మని చెప్పింది. ఎందుకని ఆయన అడిగినట్టున్నాడు.

“నాన్న బాత్రూమ్‌లో ఉన్నాడు. ఇవాళ ఎక్కడికీ వెళ్ళడం లేదు. వచ్చే ఆదివారం మళ్ళీ వచ్చి చూస్తాను.”

ఆ చివరి మాట నాకోసం. అక్క తిరిగి వచ్చి, ఆ ఫోను ఇటివ్వు, సాయంత్రం దాకా నా దగ్గర ఉంటుంది అంది. ఇచ్చాను. తను దాన్ని రెండు చేతులతో పట్టుకుని తెర మీది టైము చూస్తూ నిలబడింది.

లోపల కుళాయి ఆగింది. ఇద్దరం ఒకేసారి తలుపు వైపు కదిలాం.